కొత్త కంప్యూటర్ క్రాష్ అవుతా ఉందా? ఫార్మాట్ కొట్టే ముందు ర్యామ్ చూడండి

తిరుపతిలో చాలామంది పార్టులు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చుకుంటారు, ఇంట్లో వీడియో చూసి బిగించుకుంటారు, నాలుగు రోజులు బాగానే ఆడతాది, తర్వాత క్రాష్. వెంటనే ఫార్మాట్ కొడతారు. మళ్ళీ క్రాష్, మళ్ళీ ఫార్మాట్. ఈలోగా గ్రాఫిక్స్ కార్డు పోయిందని ఒకడు, ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) మార్చమని ఇంకొకడు. బయోస్ (విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగులు) తెరిచి చూసేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. సామీ, ముందు అది ఎట్లా క్రాష్ అవుతా ఉందో చూడండి, దాన్ని బట్టే ఎక్కడ వెతకాలో తెలుస్తాది.

బ్లూ స్క్రీన్ ఏమీ లేకుండా టక్కున ఆఫ్ అయితే

కరెంటో వేడో. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 చూసి దాన్ని పట్టుకోని గూగుల్ చేయొద్దు, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని చెప్పడం తప్ప అది ఇంకేం చెప్పదు. ప్రాసెసర్‌కి పోయే 8 పిన్ కేబుల్ చివరిదాకా దిగిందా, కూలర్ కింద ప్లాస్టిక్ కాగితం పీకినారా (నవ్వొద్దు, నేను చూస్తానే ఉంటా), ఫ్యాన్ తిరుగుతా ఉందా చూడండి. కరెంటు పోయినప్పుడే ఆఫ్ అయితే మాత్రం సిస్టమ్‌ని తిట్టొద్దు, 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది మామూలుగా 360 వాట్లే, గేమ్ మధ్యలో పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ అంతకన్నా ఎక్కువే లాగుతాది.

ప్రతిసారీ వేరే వేరే ఎర్రర్ వస్తా ఉంటే

అసలు దొంగ ఇక్కడుంటాడు. బ్లూ స్క్రీన్ మీద ఈరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అంటాది, రేపు ఐఆర్‌క్యూఎల్ అంటాది, ఎల్లుండి ఏదో పేజ్ ఫాల్ట్. క్రోమ్‌లో ట్యాబ్ దానంతటదే చస్తాది. గేమ్ ఒక్క మెసేజీ లేకుండా మూసుకుంటాది. పెద్ద జిప్ ఫైలు విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు లెక్క సరిపోలేదని), అదే ఫైలు రెండోసారి విప్పితే శుభ్రంగా వస్తాది. ఈ ఆఖరిది కనబడిందంటే ఇంక నేను గ్రాఫిక్స్ కార్డు జోలికే పోను. ఎర్రర్ పేరు ఎప్పుడూ ఒకటే అయితే డ్రైవర్‌ని అనుమానించొచ్చు, రోజుకొకటి మారుతా ఉంటే ర్యామ్.

"అన్నా, కొత్త ర్యామ్, బాక్స్ మీద 6000 అని ఉంది కదా" అంటారు. ఉంది. అది దాని స్పీడు. కానీ ఆ స్టిక్కు (ర్యామ్ పట్టీ) పెట్టంగానే మామూలుగా నడిచేది 4800లో, 6000 రావాలంటే బయోస్‌లో ఎక్స్‌పోనో ఎక్స్‌ఎంపీనో (ర్యామ్‌ని బాక్స్ మీది స్పీడుకి ఎక్కించే సెట్టింగులు) ఆన్ చేయాలి, అది ఓవర్‌క్లాక్, అంటే మామూలు కన్నా ఎక్కువ స్పీడులో నడపడం. రైజెన్ 7000 ప్రాసెసర్లకి ఏఎండీ వాళ్ళు తమ లెక్కలో రాసింది రెండు స్టిక్కులకి 5200, నాలుగు పెడితే 3600. రెండు స్టిక్కుల కిట్ 6000లో చాలావరకు బాగానే నడుస్తాది, కాదనను, కానీ నడవనప్పుడు అది చెప్పి చావదు. బూట్ అవుతాది, యూట్యూబ్ ఆడతాది, మూడు గంటల తర్వాత ఒక్క బిట్టు తారుమారై మొత్తం పడిపోతాది. బైరాగిపట్టెడలో ఒక తమ్ముడు ఇదే గొడవకి గ్రాఫిక్స్ కార్డు ఎత్తుకోని చెన్నై పోయి మార్చుకోని వచ్చినాడు, ఆ రాత్రే మళ్ళీ క్రాష్. ఎక్స్‌పో తీసేస్తే ఆగింది.

ఇంకో రకం ఇంకా మోసం. ముందు ఒక 16 జీబీ స్టిక్కు కొంటారు, డబ్బులు చేతికొచ్చినాక అదే కంపెనీ, అదే మోడల్ ఇంకోటి. పైకి కవల పిల్లల్లాగా ఉంటాయి, లోపల చిప్పులు వేరే ఉండొచ్చు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిచి ఒక్కో స్లాట్‌కీ డీర్యామ్ (లోపలి చిప్పు) ఎవరిదో చూడండి, ఒకదాంట్లో హైనిక్స్, ఇంకోదాంట్లో శాంసంగ్ అని ఉంటే మీ రోగం దాదాపు తెలిసిపోయినట్టే.

ఏం చేయాలి

ఎక్స్‌పో ఆఫ్ చేసి రెండు రోజులు మామూలుగా వాడండి. క్రాష్ ఆగిపోయిందా, అయితే ఏ పార్టూ పోలేదు, స్పీడు తట్టుకోలేక పోతా ఉంది అంతే. బయోస్ అప్‌డేట్ చేసి మళ్ళీ ఎక్స్‌పో పెట్టి చూడండి, అప్పటికీ కుదరకపోతే స్పీడు 5600కి దించండి, గేముల్లో ఆ తేడా మీకు తెలీను కూడా తెలీదు. (ఏఎం5 బోర్డుల్లో, అంటే రైజెన్ 7000 పెట్టేవాటిలో, ఈ మార్పులు చేసినాక స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉంటాది, ర్యామ్‌ని ట్రైనింగ్ చేస్తా ఉంటాది, కంగారుపడి స్విచ్ కట్టేయొద్దు.)

ఆఫ్ చేసినా క్రాష్ అయితే స్టిక్కులు తీసి మళ్ళీ టక్ అనేదాకా నొక్కండి, తర్వాత ఒక్కొక్కటే పెట్టి, నాలుగు స్లాట్ల బోర్డు అయితే ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో, రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 తిప్పండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒకటే కదా" అనేది లేదు. ఒకే స్టిక్కు ఎక్కడ పెట్టినా ఎర్రర్ ఇస్తే ఆ స్టిక్కు పోయినట్టు. రెండు స్టిక్కులూ ఏదో ఒక స్లాట్‌లో పెట్టినప్పుడు మాత్రమే ఎర్రర్ ఇస్తే ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగిందేమో, కూలర్ మరీ బిగించినారేమో చూడండి.

ర్యామ్ కుదిరినాకే ఎస్ఎఫ్‌సీ స్కాన్ కొట్టండి, క్రాష్‌లకి విండోస్ ఫైళ్ళు చెడిపోయి ఉంటే సరిచేస్తాది. చెడ్డ ర్యామ్ మీద కొత్త విండోస్ ఎక్కిస్తే ఎక్కేటప్పుడే చెడిపోవచ్చు.

మిగతావి

ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 ప్రాసెసర్ అయితే ముందు బయోస్ అప్‌డేట్, వోల్టేజీ గొడవకి 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ వదిలినారు, వారంటీ కూడా రెండేళ్ళు పెంచినారు. ఎస్ఎస్‌డీ పోవడం, బోర్డు పోవడం కొత్త సిస్టమ్‌లో అరుదు, పైవన్నీ అయినాకే అటు పోండి. ర్యామ్ వారంటీకి పంపేటప్పుడు కిట్‌గా కొనుంటే రెండు స్టిక్కులూ అడుగుతారు, ఒక్కటే పట్టుకోని బస్సెక్కొద్దు.