పట్నం పెరట్లో కూరగాయలు, తోడుమొక్కలు: ఏది కనబడితే ఏది చూడాలి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల్లో ఇంటి వెనక జాగా పేరుకే చెలక. బేస్‌మెంట్‌లో నింపగా మిగిలిన మొరం, కూల్చిన గోడ సున్నం, రంగు పెచ్చులు, ఏళ్ల తరబడి కాల్చిన ప్లాస్టిక్ బూడిద, అన్నీ పై జానెడు మట్టిలోనే ఉంటాయి. బంతి, ఆవ, బొబ్బెర్లు నాలుగు వేస్తే అదే బాగవుతుందని చాలామంది అనుకుంటారు. ఇలా కూరగాయ పక్కన సాయంగా వేసే తోడుమొక్క పురుగును మళ్లిస్తుంది, నేలను కప్పుతుంది, పప్పుజాతిదైతే కొంత నత్రజని ఇస్తుంది. మట్టిని కడిగే పని దానికి చేతకాదు.

ఏ లక్షణమూ లేదు, కాపు కూడా బాగుంది

అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ఒంటికి విషమైన సీసం ఉన్న మట్టిలో కూడా పాలకూర నవనవలాడుతూనే పెరుగుతుంది. మొక్కను చూసి మట్టిని నమ్మడానికి లేదు.

సీసం ఎక్కడిది? మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగింది. అప్పటిదాకా రోడ్డు పక్కన రాలిన సీసం మాత్రం ఎటూ పోదు, పైమట్టిలోనే ఉండిపోతుంది. పాత రంగు పెచ్చులు, బ్యాటరీలు విప్పిన జాగా, మెకానిక్ షెడ్డు కూడా అంతే. కాబట్టి ముందు ఆ జాగాలో 20 ఏళ్ల కింద ఏముండేదో పక్కింటి పెద్దవాళ్లను అడగండి.

అనుమానం ఉంటే పరీక్ష చేయించాలి. 8–10 చోట్ల జానెడు లోతు వరకు మట్టి తీసి, కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేయాలి. అరకిలో మిగిలేదాకా ఇదే వరస. గోడ పక్కన రెండడుగుల మట్టిని ఇందులో కలపొద్దు, వేరే సంచిలో ఇవ్వండి. పెచ్చులు రాలేది అక్కడే. మామూలు భూసార పరీక్షలో ఉదజని సూచిక (మట్టి పులుపును చెప్పే pH), లవణాలు, సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాష్ చూస్తారు. సీసం, అలాంటిదే మరో విష లోహం కాడ్మియం చూడాలంటే విడిగా అడిగి, ఆ పరికరం ఉన్న ల్యాబ్‌కే పంపాలి.

కిలో మట్టిలో సీసం 100 మిల్లీగ్రాముల లోపుంటే ఏదైనా వేసుకోవచ్చు. 100 నుంచి 400 మధ్య ఉంటే వంకాయ, టమాట, బెండ, బీర, సొర, చిక్కుడు వరకే. కాయలోకి సీసం చేరేది చాలా తక్కువ. ఆకుకూరలకు దుమ్ము అంటుకుంటుంది, పాలకూర అయితే కాడ్మియం కూడా బాగా పీలుస్తుంది. ముల్లంగి, క్యారెట్ తొక్కకు మట్టి పట్టుకునే ఉంటుంది. 400 దాటితే ఆ నేలలో తినేది ఏదీ వద్దు. చిన్న పిల్లలు ఆడే జాగా అయితే ఇంకా కఠినంగా ఉండాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల జాగాలకు ఈ హద్దును 2024లో 400 నుంచి 200కు దించింది.

అలాంటి చోట కూరగాయలు కావాలంటే బయటి మట్టితో ఎత్తు మడి కట్టుకోవాలి, కింద మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి. నీళ్లు దిగుతాయి, వేరు దిగదు. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అడుగు ఎత్తు మడికి 32 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పెంట, ఒక వంతు వర్మీ కంపోస్టు. చెరువు మట్టి మంచిదే, కానీ ఊరి మురుగు కలిసే చెరువుది వద్దు. పట్నం చెత్తతో చేసిన కంపోస్టు కొంటే పరీక్ష కాగితం అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో సీసం కిలోకు 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ

ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం, సిమెంటు దాన్ని పట్టేస్తాయి. పిడికెడు ఎండిన మట్టి మీద వెనిగర్ పోయండి. బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టే. కొన్ని నల్లరేగడి నేలలూ ఇలాగే పొంగుతాయి, అది మరిచిపోవద్దు.

గార ముద్దలు ఏరేయండి, పొయ్యి బూడిద ఆపండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లండి. వారం, పది రోజులకు ఇంకోసారి. మట్టికి గంధకం వేసి పులుపెక్కిద్దామని చూడకండి. ఆ సున్నమే సీసాన్ని, కాడ్మియాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఉదజని సూచిక 6.5 కిందికి దిగితే అవి వేళ్లకు అందడం మొదలవుతుంది. లోపం ఆకుకు తీర్చి నేలను అలాగే ఉంచడం మేలు.

బొబ్బెర వేసినా పక్క వంగ పాలిపోయే ఉంది

విత్తిన 35–40 రోజులకు ఒక బొబ్బెర మొక్కను చిన్న పారతో మట్టితో సహా లేపి, నీళ్లలో ముంచి వేళ్లు చూడండి. జొన్న గింజంత బుడిపెలు ఉండాలి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల ఎర్రగా, గులాబీగా ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా, పచ్చగా ఉన్నా, అసలు బుడిపెలే లేకున్నా నత్రజని రావడం లేదు.

కారణాలు మూడు. ఎరువు ఎక్కువై మొక్కకు బుడిపెల అవసరం పడకపోవడం, నీళ్లు నిలవడం, జింక్ లేదా రాగి ఎక్కువై బుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవి (రైజోబియం) చావడం. జింక్ పూత రేకుల కప్పు నుంచి వాన చుక్క పడే వరుసలో ఒకసారి చూడండి. ఆ చూరు కింద ఉన్న మడిని పక్కకు జరపాలి. మిగతా చోట విత్తనానికి రైజోబియం పట్టించి మళ్లీ వేయండి. ఒక మాట: బొబ్బెర బతికున్నప్పుడు పక్క మొక్కకు ఇచ్చేది తక్కువే. కాయ తెంపాక వేళ్లు నేలలోనే వదిలి, కాడ కోసి పరిస్తే అసలు లాభం.

టమాట ఆకు మెలి తిరిగింది

చిన్న తెల్లదోమలు లేస్తుంటే, ఆకు పైకి ముడుచుకుంటే వైరస్. ఆ మొక్క పీకేయండి, చుట్టూ రెండు వరుసల మొక్కజొన్న ముందే వేసి ఉంటే దోమ రాక తగ్గేది. దోమ లేకుండా ఆకు సన్నగా దారంలా సాగితే కలుపు మందు అవశేషం కావచ్చు, పెంటలోనో గడ్డిలోనో వచ్చి ఉంటుంది. కొత్త పెంటను మడికి వేసేముందు సగం మట్టి, సగం పెంట కలిపిన కుండీలో పది బొబ్బెర గింజలు పెట్టి మూడు వారాలు చూడండి. మెలి తిరగకుండా పెరిగితే వాడొచ్చు.

బంతి వేసినా కాయతొలిచే పురుగు ఆగలేదు

రెండింటి నారూ ఒకే రోజు పోసి ఉంటారు. 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాట నారు కలిపి పెడితేనే పూత ఒక్కసారి వస్తుంది. పొలంలో 16 వరుసల టమాటకు ఒక వరుస బంతి. పెరట్లో మడికి ఒక అంచు చాలు. తల్లి పురుగు బంతి మొగ్గ మీద గుడ్లు పెడుతుంది. బతుకమ్మకని పూలన్నీ ఒక్కరోజే తెంపితే అది టమాట మీదికి మళ్లుతుంది. ఒకటి, రెండు మొక్కలు తెంపకుండా వదలండి.

వేరుముడి నులిపురుగుకు నాలుగు బంతి చెట్లు చాలవు. మడి నిండా రెండు నెలలు బంతే పెంచి, తర్వాత టమాట వేయాలి.

మట్టిని శుభ్రం చేస్తుందని ఆవ, గునుగు, పొద్దుతిరుగుడు వేశారు

ఇవి కొంత లోహం పీలుస్తాయి, గునుగు కాడ్మియాన్ని బాగానే లాగుతుంది. కానీ సీసం మట్టిని బాగుచేయాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్లు ఆవాకు పప్పులో వేస్తారు, గునుగు లేత ఆకును కూర వండుతారు. ఇదీ అసలు ప్రమాదం. పూలకు వేసుకోండి, ఆకు మాత్రం వంటింట్లోకి రావొద్దు. పీకిన మొక్కను కంపోస్టు గుంతలో వేస్తే లోహం మళ్లీ మడికే వస్తుంది, కాల్చితే బూడిదలో మిగులుతుంది. సంచిలో కట్టి చెత్త బండికి ఇవ్వండి.

నాలా పొంగి పెరట్లోకి వచ్చింది

2020 ఆగస్టు, 2023 జూలై వరదల్లో ఇక్కడి కాలనీలు చాలా చూశాయి. మురుగు తాకిన ఆకుకూర, నేలను తాకిన కాయ పారేయాలి. ఒండ్రును గీకి తీసి, కొత్తగా పచ్చిగా తినేవి కోయడానికి కనీసం 4 నెలలు ఆగాలి.

కాయలు సరే, కడగడం ఎలా

వాన చినుకుకు మట్టి ఎగిరి ఆకుకు అంటడం సీసం నోట్లోకి వచ్చే ఒక పెద్ద దారి. మొక్కల మొదట్లో రెండు, మూడు అంగుళాల వరిగడ్డి పరిస్తే సగం పని అవుతుంది. కోసినవి లీటరు నీటికి 10 మి.లీ. వెనిగర్ కలిపి కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడగండి. పుంటికూర, తోటకూర అయితే కింది ఆకులు వదిలేయండి. చెప్పులు గుమ్మం బయటే విప్పాలి.