పాత వీధి, పాత బడి: చిన్ననాటి జ్ఞాపకాలను నలుగురూ కలిసి కూర్చే పద్ధతి

పదో తరగతి బ్యాచ్ అంతా కలిసిన రోజు మాటలకు కొదవ ఉండదు. నెల తిరిగేసరికి మిగిలేది మాత్రం రెండు గ్రూప్ ఫొటోలు, ఒక సన్మానం వీడియో. ఆ రోజు చెప్పుకున్న సంగతులు ఎక్కడా రాతలో ఉండవు. వీధి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే వాటిని రాసి పెట్టే పని మొదలుపెట్టాలి. ఆరుగురు పూనుకుంటే ఆరు నెలల్లో ఒక చిన్న పుస్తకం తయారవుతుంది.

ముందు హద్దు గీసుకోండి. "మా ఊరి చరిత్ర" అని మొదలుపెట్టిన పనులు సగంలో ఆగిపోతాయి. ఒక బడి, దాని చుట్టూ పిల్లలు నడిచి వచ్చిన నాలుగైదు వీధులు, ఒక పదేళ్ల కాలం చాలు. 1975 నుంచి 1985 వరకు అనుకుంటే ఆ పదేళ్లే. అటూ ఇటూ ఉన్నవి వస్తే వేరే నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి, పారేయకండి.

పటంతో మొదలు

"మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి" అని అడిగితే "ఆ రోజులే వేరు" అన్న జవాబే వస్తుంది. "బడి గేటు దాటగానే ఎడమ పక్క ఎవరు కూర్చునేవారు?" అని అడిగితే బుట్ట, బుట్టలో సీమచింతకాయలు, అప్పు పెట్టే అవ్వ, ఆమె కోపం అన్నీ వస్తాయి. జ్ఞాపకం చోటును పట్టుకుని వస్తుంది. అందుకే మొదటి పని పటం గీయడం.

స్టేషనరీ షాపులో దొరికే పెద్ద తెల్ల చార్టు ఒకటి, మెత్తని పెన్సిలు, రబ్బరు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు తెచ్చుకోండి. చార్టు మధ్యలో బడి గేటు పెట్టండి. ఉత్తరం పైకి ఉండాలి. గేటు నుంచి ఒక్కొక్కరూ తమ ఇంటికి వెళ్లే దారి గీయాలి. దారిలో వచ్చే ప్రతి గుర్తునూ రాయాలి: వీధి కుళాయి, పిండిమర, సైకిల్ షాపు, ఇస్త్రీ బండి, చావడి, గుడి, మసీదు, చర్చి, రావిచెట్టు, కుక్కను చూసి పక్క సందులోకి తిరిగిన మూల. నలుగురి దారులు గీసేసరికి వీధి దాదాపు నిండుతుంది. అప్పుడు రంగులు వేయండి. ఇప్పటికీ ఉన్నవి ఒక రంగు, రూపు మారినవి ఒకటి, లేకుండా పోయినవి మరొకటి.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఫోన్‌లో ఇప్పటి మ్యాపు తెరిచి దాని మీద గీస్తే ఇవాళ్టి రోడ్డు వెడల్పు, ఇవాళ్టి మలుపులు బుర్రలోకి దూరి పాతవాటిని తుడిచేస్తాయి. ముందు చేత్తో గీసి, ఆ తరువాతే పోల్చి చూడండి. రెండోది కొలతల సంగతి. ఎనిమిదేళ్ల పిల్లల ఎత్తు నుంచి చూసిన గ్రౌండు చాలా పెద్దది. గుర్తున్నదాన్ని బట్టి గీయండి, కానీ వీలైతే ఎవరైనా వెళ్లి అడుగులతో కొలిచి అసలు కొలతనూ పక్కన రాయాలి. రెండూ విలువైనవే.

ఏమి అడగాలి

ఒక్కో చోటుకు ఐదారు ప్రశ్నలు చాలు. ఇంటర్‌బెల్లు కొట్టగానే ఎటు పరుగెత్తేవారు? గంట ఏమిటి, కంచుదా, వేలాడదీసిన రైలు పట్టా ముక్కా? ఎవరు కొట్టేవారు? నీళ్లు ఎక్కడ తాగేవారు, గ్లాసా, దోసిలా? కింద కూర్చున్నారా, బెంచీలా, ఏ తరగతి నుంచి బెంచీ వచ్చింది? పలకను ఏ ఆకు రసంతో, ఏ బొగ్గుతో నల్లగా రుద్దేవారు? ఆగస్టు పదిహేనుకు కాగితపు జెండాలు అంటించడానికి మైదా పిండి ఎవరింట్లో ఉడికించేవారు?

చేతులకు, నోటికి, ముక్కుకు సంబంధించిన ప్రశ్నలు బాగా పనిచేస్తాయి. సిరా బుడ్డి ఒలికిన సంచి, పుల్ల ఐసు రంగు అంటిన నాలుక, వాన పడ్డ రోజు తరగతి గదిలో వాసన. మాస్టార్ల గురించి "మంచివారా?" అని అడగకండి. ఆయన బోర్డు మీద తేదీ ఎలా రాసేవారు, సుద్దముక్క ఎవరి మీద విసిరేవారు, సైకిల్ ఎక్కడ పెట్టేవారు అని అడగండి.

ఆటల పేర్లు ఎవరు ఎలా అంటే అలాగే రాయాలి. కర్రాబిళ్ల ఒకరికి, చిర్రగోనె మరొకరికి. మరమరాలు, బొరుగులు, ప్యాలాలు కూడా అంతే. పుస్తకం భాషలోకి దిద్దితే ఆ వీధి గొంతు పోతుంది.

సంవత్సరం పట్టుకోవడం

గుర్తున్న సంగతులకు ఏడాది చెప్పమంటే చాలామంది తప్పు చెబుతారు. ఏ తరగతిలో ఉన్నప్పుడో మాత్రం సరిగ్గా చెబుతారు. కాబట్టి తరగతి నుంచి లెక్కకట్టండి. 1982 మార్చిలో పది రాసినవారు 1977-78లో ఆరో తరగతి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన అప్పుడు వాళ్లు ఆరులో ఉండాలి. 1979 జులైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందన్న భయం, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం రెండూ ఎనిమిదో తరగతిలోకే వస్తాయి. ఆ రోజు తలుపులు మూసుకుని కూర్చున్నామని చెప్పినవారిని "అప్పుడు క్లాస్ టీచర్ ఎవరు?" అని అడిగితే మిగతా తేదీలు వాటంతట అవే కుదురుతాయి. ఎవరైనా ఒక తరగతి రెండోసారి చదివి ఉంటే ఈ లెక్క ఒక ఏడాది పక్కకు జరుగుతుంది. ఆ మాట నలుగురిలో కాకుండా విడిగా అడగాలి.

ఏడాదిని పట్టి ఉంచే ఇలాంటి మేకులు మరికొన్ని. 1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం బడులు మూతపడిన కాలాలుగా గుర్తుంటాయి. గోదావరి పక్క ఊళ్లకు 1986 ఆగస్టు వరద, కోనసీమకు 1996 నవంబరు తుపాను. నయా పైసలు 1957లో వచ్చాయి. పాత కాగితం మీద తాలూకా, సమితి అని ఉంటే అది చాలావరకు 1985లో మండలాలు రాకముందుది. "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు తెలుగులోనే రాశారు. 1965 నుంచి అది దేశమంతటా బడుల్లోకి వచ్చింది. 1958లో ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పామని ఎవరైనా అంటే రెండు బడుల జ్ఞాపకాలు కలిసిపోయాయన్నమాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి మధ్యాహ్న భోజన పథకం 2003లో మొదలైంది. అంతకు చాలా ముందు ఎన్నో ప్రాథమిక బడుల్లో తిన్నది గోధుమ రవ్వ ఉప్మా.

నిజాం కాలంలో చదివినవారు ఉంటే కాగితాలు ఉర్దూలో, ఫసలీ అనే అప్పటి సంవత్సరాల లెక్కలో ఉండవచ్చు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి. జిల్లా పేరు రాసేటప్పుడు అప్పటిది, ఇప్పటిది రెండూ రాయండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. బడి పేరు మారినా, వేరే బడిలో కలిసినా ఇప్పటి బడిని తేల్చుకోవడానికి ప్రభుత్వం ప్రతి బడికీ ఇచ్చే పదకొండు అంకెల యూడైస్ కోడ్ పనికొస్తుంది.

గొంతు రికార్డు చేయడం

ఫోన్ చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవారికి ఒక మూరెడు దూరంలో మెత్తటి తువ్వాలు మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే చేతి తాకిడి ప్రతిదీ వినపడుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఫ్యాన్ హోరు తరువాత ఏ సాఫ్ట్‌వేరుతో తీసినా మాట చివరలు పోతాయి. ఎండాకాలమైతే ఉదయం ఏడు గంటలకే కూర్చోండి. మొదట పేరు, తేదీ, ఊరు, బడిలో చదివిన ఏళ్లు చెప్పించి, అర నిమిషం రికార్డు చేసి వినిపించి, అప్పుడు మొదలుపెట్టండి. పెద్దవాళ్లతో ఒక్కసారికి నలభై నిమిషాలు మించవద్దు.

ముందు ఒక్కొక్కరినీ విడిగా, తరువాత ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టాలి. తొలిసారే అందరినీ కలిపితే గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది. విడిగా విన్నాక కలిపితే వాదన వస్తుంది, ఆ వాదనలోనే మరచిపోయిన పేర్లు బయటపడతాయి. గంట మాటను శుద్ధంగా టైపు చేయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. వాయిస్ టైపింగ్ వాడవచ్చు కానీ యాస మాటలను తనకు తెలిసిన మాటలుగా మార్చేస్తుంది. విని సరిచూడక తప్పదు.

అమెరికాలో ఉన్నవారిని కలుపుకోవాలంటే మనకు ఆదివారం ఉదయం ఏడున్నర మంచి వేళ. వేసవిలో అది న్యూయార్క్‌లో శనివారం రాత్రి పది, డాలస్‌లో తొమ్మిది. చలికాలంలో వాళ్లకు ఒక గంట ముందవుతుంది.

ఫొటోలు

పోస్టుకార్డు సైజు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి ఇన్ని చుక్కలు అని లెక్క), దాని కంటే చిన్నదైతే 1200లో స్కాన్ చేయాలి. వెనుక వైపు కూడా. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత అక్కడే ఉంటాయి. అట్టకు అంటించిన పాత గ్రూప్ ఫొటోలను ఊడదీయవద్దు, అట్ట మీది అక్షరాలతో సహా తీయండి. స్కానర్ లేకపోతే కిటికీ పక్క నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫొటోకు సమాంతరంగా ఫోన్ పట్టుకుని తీయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. అసలు ఫొటోకు ల్యామినేషన్ చేయించకండి. ఆ వేడికి, జిగురుకు అది తిరిగి రాకుండా పాడవుతుంది. బాల్‌పెన్నుతో వెనుక రాయడం కూడా అంతే, ఒత్తు ముందుకు కనిపిస్తుంది.

గ్రూప్ ఫొటోలో పేర్లకు ఒక పద్ధతి ఉంది. ప్రింటు మీద ట్రేసింగ్ కాగితం పరచి తలల గీతలు మాత్రం గీసి, ఎడమ నుంచి కుడికి అంకెలు వేయండి. కింద కూర్చున్న వరుస, కుర్చీల వరుస, నిలబడ్డ వరుసలు వేరువేరుగా. ఈ నకలును నలుగురికీ విడివిడిగా ఇచ్చి పేర్లు రాయించండి. ఇద్దరు ఒకే పేరు రాస్తేనే ఖాయం చేయండి, లేకపోతే పక్కన ప్రశ్న గుర్తు ఉంచండి. ముందు వరుసలో పిల్లలు పట్టుకున్న పలక మీద ఏడాది, తరగతి ఉంటాయేమో పెద్దది చేసి చూడండి.

బడికి వెళ్తే ప్రధానోపాధ్యాయులకు ఉత్తరం ఇచ్చి అనుమతి తీసుకోండి. గోడల మీది శిలాఫలకాలన్నీ ఫొటో తీయండి. గది కట్టించిన దాత, ప్రారంభ తేదీ వాటి మీద ఉంటాయి. అడ్మిషన్ రిజిస్టర్ చూపిస్తే ఎవరి వివరం వారు మాత్రమే రాసుకోవాలి. అందులో కులం, తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి కనుక పేజీ మొత్తం ఫొటో తీసి గ్రూపులో పెట్టడం తగదు. రిజిస్టర్‌లోని పుట్టినరోజును మరీ నమ్మకండి. వయసు చాలడానికి మాస్టారు వేసిన జూన్, జులై ఒకటో తేదీలు ఆ తరంలో ఎన్నో.

ఎవరి జ్ఞాపకం లేదో చూడండి

ఇలాంటి పనులన్నిటిలోనూ పెద్ద లోపం ఇదే. పది పాసై, ఉద్యోగాలు చేసి, వాట్సాప్ గ్రూపులో ఉన్నవారి మాటలతోనే పుస్తకం నిండుతుంది. ఐదో తరగతితో పనిలోకి వెళ్లినవారు, పెళ్లి చేసి మాన్పించిన ఆడపిల్లలు, ఆయా, అటెండరు, గేటు దగ్గర అమ్మినవారి కుటుంబం అందులో ఉండరు. హాజరు పట్టీలో మధ్యలో ఆగిపోయిన పేర్లను తోటివారిని అడిగి కనుక్కోండి. పదిమందిని రికార్డు చేస్తే కనీసం ముగ్గురు ఇలాంటివారు ఉండాలని ముందే నియమం పెట్టుకోండి. వాళ్ల దగ్గరికి మనమే వెళ్లాలి, ఫంక్షన్ హాలుకు రమ్మంటే రారు.

కులం పేరుతో వేరుగా కూర్చోబెట్టడం, నీళ్లు పైనుంచి పోయడం, బెత్తం దెబ్బలు కూడా బడి జ్ఞాపకాలే. చెప్పినవారు సరే అంటే అవి తప్పకుండా పుస్తకంలో ఉండాలి. తీయని మాటలకే చోటిస్తే సగం మంది బడి అందులో ఉండదు. కొట్టిన మనిషి పేరు వేయాలా వద్దా అన్నది చెప్పినవారితో మాట్లాడి తేల్చుకోండి. పేరు లేకుండా కూడా జరిగింది చెప్పవచ్చు. ఎగతాళి పేర్లు, ఇప్పటి చిరునామాలు, ఫోన్ నంబర్లు అచ్చులో వద్దు. ప్రతి ఒక్కరికీ వారి భాగం చదివి వినిపించి, సరేనన్న సంతకమో, గొంతు రికార్డో తీసుకోండి.

ఇద్దరి మాటలు కుదరకపోతే ఒకదాన్ని తీసేయకండి. "వేపచెట్టు కింద అని ఒకరు, బావి గట్టు మీద అని ఇంకొకరు" అని రెండూ వేయండి.

అచ్చు

వరుస ఏళ్లను బట్టి కాకుండా పటంలోని దారిని బట్టి పెట్టండి. గేటు, గ్రౌండు, తరగతి గదులు, అక్కడి నుంచి వీధిలోకి. ఒక్కో చోటుకు 150 నుంచి 300 మాటలు. డెమీ 1/8 సైజులో (మామూలు తెలుగు పుస్తకాల కొలత), 12 పాయింట్ల అక్షరంతో పేజీకి సుమారు 200 మాటలు పడతాయి. పేజీలు 16 గుణిజాల్లో ఉంటే ప్రెస్సులో కాగితం వృథా కాదు. 64 పేజీలలో పన్నెండు ఫొటోలకు వదిలితే పది వేల మాటలకు చోటుంటుంది. ఫొటోలు అచ్చు సైజులో 300 డీపీఐ ఉండాలి.

చాలా డీటీపీ షాపులు యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో పేజీలు కడతాయి. యూనికోడ్ నుంచి మార్చేటప్పుడు వత్తులు, అరసున్నలు, అంకెలు చెడతాయి. కాబట్టి మార్చిన తరువాతే ప్రూఫ్ చూడాలి, అదీ ఇద్దరు. ఆ పీడీఎఫ్‌లో పేరు వెతికితే దొరకదు. మీ యూనికోడ్ ఫైలును, రికార్డింగులను, స్కాన్లను రెండు హార్డ్‌డిస్కుల్లో వేర్వేరు ఇళ్లలో ఉంచండి. గ్రూపులోనే ఉన్నాయి కదా అనుకుంటే ఫోన్ మారినప్పుడు పోతాయి.

పుస్తకాలు పంచేటప్పుడు మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఒకటి, శాఖా గ్రంథాలయానికి రెండు, బడికి మూడు ఇవ్వండి. బడికి ఇచ్చినవి ప్రధానోపాధ్యాయుల చేతిలో పెట్టి రావడం కాదు, లైబ్రరీ స్టాక్ రిజిస్టర్‌లో నంబరు వేయించాలి. నంబరు లేని పుస్తకం ఆయన బదిలీతో పాటే కనిపించకుండా పోతుంది. పటం నకలు ఒకటి పెద్దగా ప్రింటు తీయించి తరగతి గదిలో పిల్లలకు అందే ఎత్తులో పెట్టించండి. ఇప్పటి వీధిని దాని మీద పెన్సిలుతో గీయడం వాళ్ల పని.