పెద్దవాళ్ల కాగితాలు – 4వ పాఠం: షరతు వాక్యం రాయడం

పోయిన పాఠంలో ఇంట్లో పెద్దవాళ్ల పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేరు ఎక్కడెలా ఉందో చూడమన్నాను. చూసినవాళ్లకి తెలిసే ఉంటుంది. మన ఇంటిపేరు ఒకదాంట్లో ముందుంటుంది, ఒడియా పట్టాలో వెనక్కి పోతుంది, ఇంకోదాంట్లో అసలే ఉండదు. ఆ తేడాల చీటీ దగ్గర పెట్టుకోండి, ఇవాళ పనికొస్తుంది.

ఈసారి నేర్చుకునేది ఒక్క వాక్యం, దానపత్రంలో, అంటే బతికుండగానే ఆస్తిని ఊరికే రాసిచ్చే కాగితంలో, షరతు.

ఒడిశాలో మన కాశీనగర్ దగ్గర ఒక మామ్మ ఉందనుకుందాం. వయసు 72. వంశధార పక్కన ఎకరంన్నర పొలం, ఒక పెంకుటిల్లు, రెండూ ఆవిడ స్వార్జితం. కొడుకు పాతపట్నంలో, కూతురు బరంపురంలో. "ఎలాగూ వాడిదే కదా నాయనా, ఇప్పుడే రాసేస్తే గొడవుండదు" అంటుంది. కలం తీయకండి. ఆవిడ ఆస్తి మాట చెప్పింది, మీరు అన్నం మాట అడగాలి. రాసిచ్చాక నువ్వు ఏ గదిలో పడుకుంటావు? మందుల డబ్బు ఎవరిస్తారు? కొడుకు ఇల్లు అమ్మేస్తే? వీలునామాలు రాసేవాళ్లం "పోయాక ఎవరికి" అని మొదలుపెడతాం. వృద్ధుల కేసులు చూసేవాళ్లు "ఉన్నన్నాళ్లూ ఎలా" అని మొదలుపెడతారు. మామ్మ ఒక్కతే. ఆవిడకి రెండు ఫైళ్లు కట్టడం మా వృత్తికి పాత జబ్బు.

వీలునామా ఆవిడ పోయాకే పనిచేస్తుంది, బుద్ధి బాగున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఇష్టం, సాక్షులు మాత్రం ఇద్దరు తప్పనిసరి. ఇల్లూ పొలమూ దానమిస్తే రిజిస్ట్రేషన్ తప్పదు. మనసు మారిందని వెనక్కి తీసుకోవడమూ కుదరదు. నన్నడిగితే మామ్మకి వీలునామా చాలు. కానీ కొడుక్కి బ్యాంకు అప్పు కావాలి, దానపత్రమే కావాలంటాడు. అక్కడే షరతు అవసరం.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ చదవండి. 60 దాటినవాళ్లు తమ కనీసావసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్కించి ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. మన వైపు ఆ ట్రిబ్యునల్‌లో కూర్చునేది సబ్ కలెక్టరు. అసలు మెలిక "షరతుతో" అన్న మాటలో ఉంది. షరతు ఉన్నట్టు చూపలేకపోతే ఈ సెక్షన్ పనిచేయదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా చదవాలనీ, ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం ఇప్పించవచ్చనీ అంది. రెండో తీర్పు ఉంది కదా అని షరతు రాయకుండా వదిలేసే లేఖరులున్నారు. వాళ్ల దగ్గరకి వెళ్లకండి.

తరచూ కనిపించే వాక్యం ఇది: "ప్రేమాభిమానాలతో, నన్ను బాగా చూసుకుంటాడన్న నమ్మకంతో..." నమ్మకం షరతు కాదు. ఇలా రాయండి:

"నేను బతికున్నంతకాలం నాకు తిండి, బట్ట, నివాసం, వైద్యం సమకూర్చాలన్న షరతు మీద ఈ దానం చేస్తున్నాను. ఇది తప్పితే దానం రద్దు చేయించుకునే హక్కు నాకుంది. తూర్పు గది, వంటిల్లు నా జీవితాంతం అనుభవించే హక్కు నాదే. ఇల్లు ఎవరికి అమ్మినా నా హక్కుకు లోబడే అమ్మాలి."

"ఎప్పటికీ అమ్మకూడదు" అని రాయాలని చెయ్యి లాగుతుంది. ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ముందు అది నిలవదు. ఇంకా, "సమకూర్చాలి" దగ్గర ఆగకుండా నెలకి మందులకింత అని అంకె వేస్తే మంచిది, సబ్ కలెక్టరు ముందు వాదన తగ్గుతుంది.

ఇక భాష. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకొచ్చింది, పాతపట్నం అటు ఆంధ్ర వైపు ఉండిపోయింది. దాంతో పట్టా ఒడియాలో, సంతకం తెలుగులో. రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అధికారికి రాని, జిల్లాలో వాడుకలో లేని భాషలో పత్రముంటే అనువాదం జతచేయాలి. పత్రం ఒడియాలో రాయిస్తే చివర ఒక వాక్యం మరవకండి: "దీన్ని నాకు తెలుగులో చదివి వినిపించారు, అర్థమయ్యాకే సంతకం చేశాను." చదివినవారి పేరు కూడా వేయించండి. తేడాల చీటీలో ఉన్న రెండు పేర్లూ "అని కూడా పిలువబడే" అంటూ ఈ పత్రంలోనే రాయించండి.

కొడుకు ఆంధ్రాలో ఉన్నాడు కదా అని భయం అక్కర్లేదు. భరణం దరఖాస్తు తల్లి ఉన్నచోటే పెట్టుకోవచ్చు.

"ఇవన్నీ ఎందుకు, జీపీఏ (మన తరఫున ఇంకొకరు పనులు చేసేలా ఇచ్చే అధికారపత్రం) ఇచ్చేస్తే పోలా?" అనేవాళ్లకి ఒక్క మాట. ఇచ్చినవాళ్లు పోతే అది పోతుంది, మతి తప్పినా పోతుంది. మిగతాది ఆరో పాఠంలో.

ఇంటిపని: పై వాక్యాన్ని మీ ఇంటి పెద్దావిడ పరిస్థితికి మార్చి రాసి, ఆవిడకి చదివి వినిపించండి. తిరిగి తన మాటల్లో చెప్పమనండి. చెప్పలేకపోయిన మాటల కింద గీత పెట్టి ఉంచండి. ఐదో పాఠంలో వాటినే తిరగరాద్దాం.