పాత క్యాసెట్లలోని ప్రోగ్రాములు – 3వ పాఠం: టేపు నుంచి వేవ్ ఫైలులోకి

గత పాఠంలో క్యాసెట్టుకు పట్టిన బూజు తుడవడం, హెడ్డు శుభ్రం చేయడం చూశాం. ఈసారి టేపులోని ధ్వనిని వేవ్ ఫైలుగా, అంటే ధ్వనిని కుదించకుండా దాచే ఫైలుగా, కంప్యూటర్లోకి ఎక్కిద్దాం. ఆ ధ్వనిని తిరిగి ప్రోగ్రాముగా మార్చడం వచ్చే పాఠం. రెండూ ఒకే రోజు చేసేయాలని ఆత్రపడకండి.

ముందు ఏ క్యాసెట్టు తీయాలి? అచ్చు కవరుతో వచ్చిన ఆటలు పక్కన పెట్టండి. దుకాణాల్లో అమ్మిన స్పెక్ట్రమ్ (ప్రోగ్రాముల్ని క్యాసెట్ల మీద ధ్వనిగా దాచుకున్న పాత ఇంటి కంప్యూటరు) ఆటల్లో చాలావాటిని ఎక్కడో ఎవరో ఇప్పటికే భద్రపరిచారు. బాల్‌పెన్నుతో ‘మార్కుల లిస్టు’ అనో ‘తెలుగు అక్షరాలు’ అనో రాసి ఉన్నదే మనకు ముఖ్యం. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకోగలిగే అక్షరాలు 21 మాత్రమే. ఒక్కోదానికి దొరికేది 8 అడ్డం, 8 నిలువు చుక్కల గడి. అంత ఇరుకులో మన గుణింతాలు పట్టించాలని బెజవాడలోనో గుంటూరులోనో ఎవరైనా కూర్చుని ఉంటే, ఆ కష్టానికి ఆ టేపు తప్ప వేరే ఆనవాలు ఉండదు. బడుల్లో కంప్యూటరు నేర్పడానికి 1984-85లో మొదలైన ప్రభుత్వ క్లాస్ పథకం కింద వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ల మీద పిల్లలూ మాస్టార్లూ రాసుకున్నవీ అంతే.

క్యాసెట్టు చేతిలోకి తీసుకోగానే వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెవుల్నీ విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా అది దిగదు. తర్వాత లోపలి కాగితానికి రెండువైపులా ఫొటో తీయండి. దాని మీద రాసుకున్న కౌంటర్ నంబర్లే రేపు మీకు దారి చూపిస్తాయి.

లైన్ అవుట్ (ధ్వనిని వేరే పరికరానికి పంపే సాకెట్టు) ఉన్న క్యాసెట్ డెక్కు దొరికితే మేలు. లేకపోతే అటక మీది టూ-ఇన్-వన్ చాలు. దాన్ని అడాప్టరుతో కాకుండా సెల్స్ వేసి నడపండి, 50 హెర్ట్జ్ హమ్ కలవదు. ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి తీసుకుంటే వాల్యూమ్ సగం, ట్రెబుల్ పూర్తిగా పెట్టండి. బుసను తగ్గించే డాల్బీ మీట ఉంటే ఆపేయండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకుండే ఒక్క సాకెట్టూ హెడ్‌సెట్ మైకు కోసం చేసినది, ఈ పనికి నప్పదు. యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి. బెజవాడ గవర్నర్‌పేట దుకాణాల్లో అడిగేటప్పుడు లైన్ ఇన్ (బయటి ధ్వనిని లోపలికి తీసుకునే సాకెట్టు) ఉందో లేదో కళ్లతో చూసి మరీ తీసుకోండి.

ఇక అసలు సంగతి: హెడ్ అలైన్‌మెంట్, అంటే టేపును చదివే హెడ్డు వాలును సరిచేయడం. నా దృష్టిలో ఈ పనిలో సగం ఇదే. ఏ రికార్డరులో రికార్డు చేశారో దాని హెడ్డు ఎంత వాలి ఉందో, ఆ వాలులోనే టేపు మీద గీత పడుతుంది. మన డెక్కు హెడ్డు వేరే వాలులో ఉంటే పై స్థాయి ధ్వనులు మొద్దుబారతాయి. పాటైతే కాస్త మందంగా వినిపించి ఊరుకుంటుంది. ప్రోగ్రాము అలా ఊరుకోదు. ప్రోగ్రామంతా సున్నాలు, ఒకట్లే (వీటినే బిట్లు అంటారు); స్పెక్ట్రమ్‌లో సున్నాకు సుమారు 244 మైక్రోసెకన్ల పల్సులు రెండు, ఒకటికి దానికి రెట్టింపు నిడివివి రెండు. ఆ అంచులు అలుక్కుపోయి ఒక్క బిట్టు తప్పినా చివర్లో చెక్‌సమ్ (డేటా సరిగ్గా వచ్చిందో లేదో చూసే సరిచూపు అంకె) కలవదు, ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ వచ్చేస్తుంది.

హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న చిన్న స్క్రూయే దీనికి మందు. అయస్కాంతం పట్టని స్టార్ స్క్రూడ్రైవరుతో పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పండి. ముందు పాత సినిమా పాటల క్యాసెట్టు మీద అలవాటు చేసుకోండి: తాళాల మోత, ‘స’కార శబ్దం ఎక్కడ పదునెక్కుతాయో చెవికి తెలిసిపోతుంది. తర్వాతే ప్రోగ్రాము టేపు పెట్టండి. ప్రతి క్యాసెట్టుకూ ఈ సర్దుబాటు విడిగా చేయాల్సిందే. సర్దుతున్నప్పుడు కూడా కంప్యూటర్లో రికార్డింగు నడుస్తూనే ఉండాలి, ఎందుకంటే పాత టేపు రెండోసారి తిరుగుతుందన్న హామీ లేదు.

ధ్వనిని రికార్డు చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో 44100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో ఎంచుకోండి. ఒరిజినల్ మోనోయే కదా, స్టీరియో ఎందుకు అంటారేమో. హెడ్డు కాస్త వాలినా ఎడమ, కుడి ఛానెళ్ల మధ్య చిన్న ఆలస్యం వస్తుంది. రెంటినీ కలిపితే పదునైన భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. విడివిడిగా ఉంచితే తర్వాత శుభ్రంగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. శిఖరాలు మైనస్ 6 డెసిబెళ్ల దగ్గర ఆగాలి. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు అన్నీ తీసేయండి. నాయిస్ రిడక్షన్ జోలికి వెళ్లొద్దు, ఎంపీ3గా దాచొద్దు. 60 నిమిషాల క్యాసెట్టు ఒక వైపుకు సుమారు 318 మెగాబైట్లు పడుతుంది. లోపలి ప్రోగ్రాము 48 కిలోబైట్లు కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ పెద్ద ఫైలును ఎప్పటికీ చెరపకండి. రేపు ఇంతకన్నా మంచి డీకోడరు (ధ్వనిని తిరిగి ప్రోగ్రాముగా మార్చే సాఫ్ట్‌వేరు) వస్తే దానికి కావలసింది ఇదే.

సరిగ్గా వచ్చిందో లేదో చెవితోనే తెలుస్తుంది. స్పెక్ట్రమ్ అయితే 5 సెకన్లు నిలకడైన కూత, చిన్న గరగర, కాస్త విరామం, మళ్లీ 2 సెకన్ల కూత, ఆపైన పొడవైన గరగర. బీబీసీ మైక్రో కూత ఇంకా సన్నగా ఉండి, డేటా 256 బైట్ల ముక్కలుగా వస్తుంది. మధ్యలో ధ్వని లోపలికి కుంగినట్టుంటే ఆ నిమిషం రాసిపెట్టుకోండి.

వచ్చే పాఠానికి ఒక క్యాసెట్టు రెండు వైపులా ఎక్కించి, ఫైలు పేరులో క్యాసెట్టు మీది రాత, వైపు, తేదీ వేసి, రెండు చోట్ల దాచండి. కుంగిన చోట్ల చీటీ కూడా దగ్గర పెట్టుకోండి, మొదట వాటి పనే పడదాం.