తులనాత్మక వ్యాసం రాసే ముందు: రెండు వ్యాసాలను అతికించొద్దు

సివిల్స్ మెయిన్స్‌కి తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్న పిల్లల మాక్ పేపర్లు పోయిన ఆదివారం దిద్దాను. రెండో పేపర్. అందులో నన్నయ శకుంతలను కాళిదాసు శకుంతలతో పోల్చమని 20 మార్కుల ప్రశ్న ఒకటి. ఒకమ్మాయి జవాబు చదివి పెన్ను పక్కన పెట్టేశాను. గుండ్రటి దస్తూరి, ఎక్కడా తప్పు లేని తెలుగు, ఐదు పేజీలు. మొదటి రెండున్నర పేజీల నిండా నన్నయ కథ. తర్వాత రెండు పేజీలు కాళిదాసు కథ. చివరి అర పేజీలో ‘ఇద్దరూ మహాకవులే, ఎవరి ప్రత్యేకత వారిది’. ఇరవైకి ఏడు వేశాను. ఏడాదిన్నరగా కష్టపడుతున్న పిల్ల, చెయ్యి రాలేదు. కానీ ప్రశ్న అడిగింది పోలిక, జవాబులో ఉన్నవి రెండు కథలు. ఆ కట్టలో సగానికి పైగా జవాబులు ఇలాగే ఉన్నాయి.

మెయిన్స్ దగ్గర పడుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. సిలబస్ పూర్తి చేయడం, పాత ప్రశ్నపత్రాలు చూడటం మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క తప్పు గురించే. దీన్ని నేను అతుకుల వ్యాసం అంటాను. బాగా చదివినవాళ్ళే ఇందులో ఎక్కువగా పడతారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఒక్కో కవి మీద తయారుగా ఒక్కో వ్యాసం ఉంటుంది. ప్రశ్న కనబడగానే రెండూ దించేసి మధ్యలో ‘ఇక’ అని రాస్తారు.

ముందు నోట్స్ సంగతి. మీ నోట్స్ కవుల వారీగా ఉంటే జవాబు కూడా కవుల వారీగానే వస్తుంది. ఈ వారమే మార్చండి. పోల్చాల్సిన ప్రతి జంటకు ఒక కాగితం తీసుకుని, పైన ఒకే ఒక్క ప్రశ్న రాసుకోండి. శకుంతల జంటకు ఆ ప్రశ్న: రాజు ఆమెను ఎందుకు కాదన్నాడు? నన్నయలో దుష్యంతుడికి అంతా గుర్తుంది, తెలిసే కాదంటాడు. కాళిదాసులో దుర్వాసుడి శాపం వల్ల మరిచిపోతాడు. ఇదొక్కటి పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి. శాపం ఉంది కాబట్టి కాళిదాసు రాజు మీద నింద పడదు, ఉంగరం నీళ్ళలో జారిపోయింది కాబట్టి శకుంతల దగ్గర రుజువు లేదు. నన్నయలో ఉంగరమూ లేదు, శాపమూ లేదు. అందుకే ఆమె కొడుకును పక్కన నిలబెట్టుకుని నిండు సభలో వాదించాలి. నూరు నూతుల కంటే ఒక బావి మేలు అని మొదలుపెట్టి, నూరుగురు కొడుకుల కంటే ఒక్క సత్యవాక్యం మేలు అనేదాకా వెళ్ళాలి. చివరికి ఆకాశవాణి సాక్ష్యం చెప్పాలి. కాళిదాసు నాటకంలో సభకు వచ్చేనాటికి కొడుకు ఇంకా పుట్టలేదు. చూడండి, ఇక్కడ ఏ వాక్యం రాసినా రెండో కవి లేకుండా సాగదు. పోలిక అంటే అది.

ఇదే ప్రశ్నలో ఇంకో గొయ్యి ఉంది. ‘నన్నయ ఉంగరం వృత్తాంతాన్ని తీసేశాడు’ అని ముగ్గురు రాశారు. కాళిదాసు కాలంలో ముందువాడే, కానీ నన్నయ అనుసరించింది వ్యాసుణ్ణి. వ్యాసభారతంలో ఆ ఉంగరం లేనే లేదు. మార్పు చేసినవాడు కాళిదాసు. ఎవరు ఎవరి కథను తీసుకున్నారో ముందు తేల్చుకోకుండా ‘మార్చాడు’, ‘తీసేశాడు’, ‘చేర్చాడు’ అనే మాటలు వాడొద్దు.

జాషువా గబ్బిలం మొదటి భాగానికి కాళిదాసు మేఘదూతంతో పోలిక తప్పకుండా సిద్ధం చేసుకోండి. పిల్లలు మేఘం, గబ్బిలం, రెండూ సందేశం మోస్తాయని చెప్పి ఆగిపోతారు. అది పోలికకు గుమ్మం మాత్రమే, లోపలికి వెళ్ళాలి. కాగితం మీద ప్రశ్న ఇలా రాసుకోండి: శిక్ష ఎన్నాళ్ళు? మేఘాన్ని పంపే యక్షుడికి ఏడాది, తర్వాత ఇంటికి వెళ్తాడు. జాషువా నాయకుడికి పుట్టుకతోనే వెలి, దానికి గడువు లేదు. యక్షుడి సందేశం భార్యకు, ఇతని మొర కాశీలో ఉన్న శివుడికి. గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు, మనిషి వెళ్ళలేడు. ఈ కోణం నుంచి రాస్తే జాషువా కాళిదాసు రూపాన్ని ఎందుకు ఎంచుకున్నాడో కూడా చెప్పగలుగుతారు.

నన్నయ, తిక్కనలను పోల్చేటప్పుడు నన్నయ తన కవిత్వం గురించి చెప్పుకున్న మూడు గుణాలనే కొలబద్దగా పెట్టి తిక్కనను కొలవొద్దు. ఇద్దరికీ సమానంగా నప్పే కొలబద్ద కావాలి. పాత్రల సంభాషణ నడిపే తీరు తీసుకోండి, శకుంతల సభ, కృష్ణ రాయబారం రెండూ సిలబస్‌లో ఉన్నవే.

కృష్ణశాస్త్రి కృష్ణపక్షం, శ్రీశ్రీ మహాప్రస్థానం జంటకు ‘నేను’ అన్న మాట చాలు. ఒకరి ‘నేను’ ఒంటరివాడు, ఇంకొకరి ‘నేను’ వెనక జనం ఉన్నారు. తేదీల దగ్గర జాగ్రత్త. కృష్ణపక్షం 1925. మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో, గీతాలు చాలావరకు 1930లలో రాసినవి. ఇద్దరి మధ్య పాతికేళ్ళ దూరం ఉందని రాస్తే వాదన మొత్తం కూలిపోతుంది.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

250 మార్కులకు 3 గంటలు. 20 మార్కుల జవాబుకు 14 నిమిషాలే. అందులో రెండు నిమిషాలు పెన్సిల్‌తో పోలిక అంశాలు రాసుకోవడానికి.

1, 5 ప్రశ్నలు తప్పనిసరి. వాటిలో చిన్న జవాబులకే గంటన్నర పోగొట్టుకుని, పోలిక ప్రశ్నను చివరి పది నిమిషాలకు నెట్టొద్దు. తొందరలో చెయ్యి అతుకుల వ్యాసమే రాస్తుంది.

కవి జీవితచరిత్రతో మొదలుపెట్టొద్దు.

కథ చెప్పొద్దు. దిద్దేవాళ్ళకు కథ తెలుసు.

మొదటి వాక్యంలోనే తేడా ఏమిటో తేల్చి చెప్పండి.

పద్యం మొత్తం ఎత్తి రాయొద్దు, పాదం చాలు. సరిగ్గా గుర్తులేకపోతే భావం రాయండి. తప్పుగా రాసిన పాదం చాలా చేటు.

పోలికలు మాత్రమే రాసి తేడాలు వదలొద్దు. తేడాలు మాత్రమే రాసి ఉమ్మడి మూలం వదలొద్దు.

‘ఇద్దరూ గొప్పవారే’ అనే వాక్యం రాయనే రాయొద్దు.

మీ పాత జవాబు ఒకటి ఇవాళే తీయండి. ఒక కవి పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో, రెండో కవి పేరు చుట్టూ నీలం పెన్నుతో సున్నాలు చుట్టండి. ఎరుపంతా ముందు పేజీల్లో, నీలమంతా వెనక పేజీల్లో కనిపిస్తే అది అతుకుల వ్యాసం. చింపేసి మళ్ళీ రాయండి. ప్రతి పేరాలో రెండు రంగులూ కలిసేదాకా రాయండి.

పరీక్ష ముందు రోజు కొత్త విమర్శ పుస్తకం తెరవొద్దు. జంటల కాగితాల పైన ఉన్న ఆ ఒక్కో ప్రశ్నను చూసుకుని, పదింటికల్లా పడుకోండి.