సినిమాలో కనిపించింది తప్పేనా? వాదనకు దిగే ముందు తేల్చుకోవలసిన విషయాలు

1941లో ఆర్సన్ వెల్స్ తీసిన ‘సిటిజన్ కేన్’ మొదట్లోనే వృద్ధుడైన కేన్ ‘రోజ్‌బడ్’ అన్న ఒక్క మాట పలికి కన్నుమూస్తాడు. ఆ క్షణంలో గదిలో మరెవరూ కనిపించరు. చేతిలోని గాజుగోళం జారి పగిలిన తరువాతే నర్సు తలుపు తెరుచుకుని లోపలికి వస్తుంది. ఎవరూ వినని మాట లోకానికి ఎలా తెలిసింది, దాని అర్థం కోసం విలేకరి అందరినీ అడుగుతూ తిరగడమేమిటి అని ప్రేక్షకులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. అయితే చిత్రం చివరి భాగంలో కేన్ ఇంటి బట్లర్ రేమండ్ ఆ మాటను తాను విన్నానని చెబుతాడు. అతడు తనకు తెలిసినది చెప్పడానికి డబ్బు అడిగినవాడు కాబట్టి అతణ్ణి నమ్మవచ్చా అన్నది మంచి చర్చే, కానీ అది పాత్ర నిజాయితీ గురించిన చర్చ అవుతుందే తప్ప రచయితల మరుపు గురించినది కాదు.

కాబట్టి తప్పు దొరికిందని అనిపించగానే చేయవలసిన మొదటి పని ఆ సినిమాను చివరిదాకా మళ్ళీ చూడడం. రెండవది, తీర్పు కలపకుండా, కంటికి కనిపించినది మాత్రమే కాగితం మీద పెట్టడం. ‘ఈ షాట్‌లో అతని వెనుక కుర్చీ ఉంది, తరువాతి షాట్‌లో లేదు’ అన్నది పరిశీలన. ‘దర్శకుడు కుర్చీని మరిచిపోయాడు’ అన్నది అప్పుడే ఒక నిర్ణయం. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయిన చోటనే చాలా వాదనలు గాడి తప్పుతాయి.

ఏ ప్రతి చూశామో కూడా రాసుకోవాలి. 1981 నాటి ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’లో నటుడికీ నాగుపాముకూ మధ్య ఉన్న అద్దంలో పాము ప్రతిబింబం కనిపించేది, 2003లో వచ్చిన డీవీడీలో దాన్ని చెరిపివేశారు. పాత ప్రతి చూసినవారు, కొత్త ప్రతి చూసినవారు గంటసేపు పోట్లాడుకున్నా ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. మన ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపులో వచ్చింది. 2010లో విడుదలైన రంగుల ప్రతిలో మూలంలోని కొన్ని భాగాలు లేవు, రంగులు కూడా కంప్యూటర్ మీద కొత్తగా వేసినవి. ఒక పట్టుచీర రంగు నప్పలేదనో, ఒక సన్నివేశం తెగినట్టుందనో కె.వి.రెడ్డిగారిని తప్పుపట్టడం అన్యాయం. ఫ్రేము పైన మైకు కనిపించిందన్న ఫిర్యాదు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అనేక చిత్రాలను వెడల్పు తెర కోసం ఫ్రేము పైనా కిందా కొంత భాగం కప్పి చూపించే లెక్కతో తీశారు. ఆ కప్పు సరిగా వేయకపోతే, లేదా టీవీ కోసం మొత్తం ఫ్రేమును తెరిచేస్తే, ఛాయాగ్రాహకుడు మనకు చూపించదలచుకోని మైకు బయటపడుతుంది.

తరువాత అడగవలసిన ప్రశ్న: ఏ నియమం తప్పింది, ఆ నియమం ఎవరిది? బండిచక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించడం ఎవరి పొరపాటూ కాదు. సెకనుకు 24 బొమ్మలు తీసే కెమెరాలో, ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య చక్రంలోని ప్రతి ఆకూ (ఇరుసు నుంచి అంచుకు పోయే పుల్ల) ముందున్న ఆకు స్థానానికి కాస్త ఇవతలే ఆగితే, మన కన్ను దాన్ని వెనుకకు జరిగినట్టు చదువుకుంటుంది.

షాట్ల మధ్య పొందిక, అంటే కంటిన్యుటీ, మరింత శ్రద్ధగా చూడవలసిన విషయం. గ్లాసులో నీళ్ళు పెరగడం, చొక్కా గుండీ ఊడి మళ్ళీ పడడం వంటివి పట్టుకోవడం సులువు, వాటి కారణాన్ని అంచనా వేయడం కష్టం. ఒకే సన్నివేశంలోని రెండు వైపుల షాట్లు వేర్వేరు వేళల్లో, కాల్షీట్లు కుదరకపోతే వేర్వేరు నెలల్లో కూడా తీస్తారు. తరువాత ఎడిటర్ ముందు రెండు టేకులు ఉంటాయి: ఒకదానిలో గ్లాసు సరిగా ఉంది, నటన చప్పగా ఉంది, రెండవదానిలో గ్లాసు తేడాగా ఉంది, కన్నీరు నిజంగా వచ్చింది. ‘అపోకలిప్స్ నౌ’కు పనిచేసిన ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్ ఎక్కడ పడాలో తేల్చే ఆరు అంశాలకు తూకం వేస్తూ భావోద్వేగానికి 51 శాతం, కథకు 23 శాతం, లయకు 10 శాతం ఇచ్చి, స్థలపు పొందికకు చివర 4 శాతం మాత్రమే మిగిల్చాడు. ఈ తూకంతో ఆలోచిస్తే గ్లాసు తేడా తెలిసి చేసిన త్యాగం కావచ్చు. పొందిక తప్పిందన్న మాట అప్పుడూ నిజమే. అజాగ్రత్త అన్న మాట మాత్రం నిలవదు.

భాష విషయంలో మనకు ఇంట్లోనే గొప్ప పాఠం ఉంది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి శిష్యులు ‘అసమదీయులు’ అంటూ, దానికి జోడీగా ‘తసమదీయులు’ అనే మాటను తయారు చేస్తారు. వ్యాకరణం తెలిసినవారు అది చెల్లదని చెప్పకముందే, ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎలా పుడతాయన్న సమాధానాన్ని పింగళి నాగేంద్రరావు ఆ సన్నివేశంలోనే ఘటోత్కచుడి నోట పలికించారు. తప్పును గుర్తించి, దానికి పేరు పెట్టి, వీరతాడు కూడా వేయించిన సినిమాలో ఆ తప్పును మనం కనిపెట్టామనడం కుదరదు. సినిమా తనంతట తానే ఆ సంగతి ఎరుగుదునని చూపించిందా అన్నది నా దృష్టిలో అన్నింటికంటే బలమైన పరీక్ష.

చరిత్ర విషయంలో ఈ పరీక్ష కొంచెం మారుతుంది. ‘ఆర్ఆర్ఆర్’లో అల్లూరి, కొమురం భీం స్నేహితులు కావడం చరిత్రలో లేదు, కానీ ఆ చిత్రం తాను కల్పితమని మొదటే ప్రకటించుకుంది. ఆ కల్పన మంచిదా, ఆ మహనీయులకు న్యాయం చేసిందా అని గట్టిగా విమర్శించే హక్కు మనకు ఉంది, అలా విమర్శించాలి కూడా. ఆ విమర్శకు ‘పొరపాటు’ అన్న పేరు మాత్రం తగదు.

ఇక అభిమానులవైపు నుంచి వచ్చే ప్రమాదం ఒకటి ఉంది. ‘షోలే’లో రాత్రివేళ దీపాలు ఒక్కొక్కటిగా ఆర్పే ఇంటిని చూపిస్తారు, అదే ఊళ్ళో వీరూ ఎక్కి కేకలు వేసే నీళ్ళ ట్యాంకూ ఉంటుంది, కరెంటు లేని ఊరికి ట్యాంకు ఎక్కడిదని చాలామంది అడుగుతారు. డీజిల్ ఇంజనుతో నింపుతారని చెప్పవచ్చు, పథకం మధ్యలో ఆగిందనీ చెప్పవచ్చు. ఇవి సాధ్యమే, కానీ సినిమాలో ఒక్క షాటూ ఒక్క మాటా వీటికి ఆధారం ఇవ్వదు. అందుచేత ‘అసాధ్యం కాదు’ అనడం వరకే మనకు హక్కు ఉంది, ‘ఇదే వివరణ’ అనడానికి లేదు. సమర్థించేవారు తెచ్చే వివరణ ఆ సినిమాలోని మరొక చోటును కూడా వెలిగించాలి. ఆ ఒక్క రంధ్రాన్ని పూడ్చడానికే పుట్టిన వివరణను పక్కన పెట్టాలి.

పైన చెప్పిన కుర్చీ 1980 నాటి ‘ది షైనింగ్’లోనిది. ఆ చిత్రంలో భవనం నడిమధ్య ఉండవలసిన గదికి బయటి వెలుతురు వచ్చే కిటికీ ఉంటుంది, హోటల్ నడవాలు ఒకదానితో ఒకటి కుదరవు. ఆ సెట్టు అర్థానికి అందకుండా ఉండడం కావాలని చేసిందేనని నిర్మాణంలో పాలుపంచుకున్న యాన్ హార్లాన్ చెప్పాడు. దీనివల్ల కిటికీ విషయం చాలావరకు తేలుతుంది. ఆ మాటనే తీసుకెళ్ళి కుర్చీకీ, మారిపోయే ప్రతి చిన్న వస్తువుకూ అంటించడం సరికాదు. ప్రతి సందర్భానికీ దాని సాక్ష్యం దానికే ఉండాలి. ఆ చిత్ర దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఎంత పట్టుదల గలవాడైనా ఆ కీర్తి ఒక్కటే ఆధారం కాదు.

తీర్పు చెప్పేటప్పుడు తప్పు, బహుశా తప్పు, తేలలేదు, కావాలని చేసింది అన్న నాలుగు మెట్లలో ఏది ఎంచుకున్నామో ముందే చెప్పి, ఏ రుజువు చూపిస్తే మన మాట మార్చుకుంటామో కూడా చెప్పాలి. ‘టైటానిక్’ విషయంలో అలాంటి రుజువే వచ్చింది. మునిగిన రాత్రి ఆకాశంలో నక్షత్రాలు సరిగా లేవని ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ ఎత్తి చూపగా, జేమ్స్ కామెరాన్ 2012 నాటి మళ్ళీ విడుదలలో ఆ ఆకాశాన్ని మార్చాడు. అదే చిత్రంలో జాక్ తాను చిన్నప్పుడు విస్సోటా సరస్సు మంచులో పడిపోయానని చెబుతాడు. ఆ సరస్సు 1917లో పూర్తయిన ఆనకట్టతో ఏర్పడింది, ఓడ మునిగింది 1912లో. జాక్ గొప్పలకు పోయి అబద్ధమాడాడని వాదించినా, ఇంకా పుట్టని సరస్సు పేరు అతనికి తెలిసే అవకాశం లేదు కాబట్టి దీన్ని మొదటి మెట్టు మీదనే ఉంచాలి.