పాత బెంచ్‌మార్కు ఎత్తును కొత్త లెవెలుతో కలిపే చిట్కా

నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో మురుగు కాలువకో పునాదికో లెవెళ్లు తీసేటప్పుడు పాత నక్షాలో అడుగుల్లో ఉన్న ఎత్తుకూ, జీపీఎస్ చూపే ఎత్తుకూ పొంతన కుదరక పూటంతా వృథా అవుతుంది.

ముందు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటులో (ఎత్తుపల్లాలు చూపే పటంలో) ‘బీఎం’ (బెంచ్‌మార్కు, అంటే ఎత్తు ముందే కొలిచి గుర్తు పెట్టిన చోటు) అని ఉన్న చోటికి వెళ్లి, పాత కల్వర్టు పిట్టగోడనూ పాత కట్టడాల మెట్లనూ తడిగుడ్డతో తుడిచి, చెక్కిన బాణం గుర్తు కోసం వెతకాలి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ అరిగిన గీత కూడా తేటగా కనిపిస్తుంది. అడుగులను 0.3048తో హెచ్చవేస్తే మీటర్లు వస్తాయి కనుక 62.40 అడుగులంటే 19.02 మీటర్లు. జీపీఎస్ ఇచ్చే ఎలిప్సాయిడ్ ఎత్తు (భూమిని నున్నటి ఆకారంగా ఊహించి ఆ తలం నుంచి కొలిచే ఎత్తు) మన తీరంలో సముద్రమట్టపు ఎత్తు కన్నా 80 మీటర్లకు పైగా తక్కువగా ఉంటుంది కాబట్టి, మైనస్ అంకె చూసి పరికరాన్ని అనుమానించకుండా జియోయిడ్ సవరణ (ఆ ఊహా తలానికీ సముద్రమట్టానికీ ఉన్న తేడా) కలపాలి.

అన్నిటికన్నా ముఖ్యం, గుర్తున్న ఒక్క రాయిని నమ్మకుండా అలాంటి రెండు రాళ్ల మధ్య లెవెల్ నడపడం, అంటే ఎత్తు తేడాలు వరుసగా కొలుచుకుంటూ వెళ్లడం. పాత, కొత్త ఎత్తుల తేడా రెండుచోట్లా ఒకటే అయితే అది డేటం (ఎత్తులు లెక్కించే మూల మట్టం) తేడాయే. దాన్ని పాత అంకెలన్నిటికీ వర్తింపజేయవచ్చు. సాధారణ లెవెలింగులో 2 కిలోమీటర్లకు 34 మిల్లీమీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు, అది మించితే ఏదో ఒక రాయి కదిలి ఉండవచ్చు.

రెండు రాళ్లూ రోడ్డు విస్తరణలో తిరిగి కట్టిన ఒకే కట్ట మీద ఉంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే రెండూ కలిసి జరిగినప్పుడు తేడా సరిపోయినట్లే కనిపిస్తుంది.